కుడివైపు తడవని చోటు

జీను సామాను అమ్మే దుకాణాయన జీను కింద వేసే ప్యాడ్‌ని వారం రోజులు వాడి చూడమని ఇస్తాడు. షరతు ఒక్కటే. తిరిగి తెచ్చినప్పుడు దాని మీద గుర్రం వెంట్రుక ఒక్కటి కూడా కనిపించకూడదు. కనిపిస్తే కొన్నట్టే.

అందుకే కోడలు ఆ శనివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి నేరుగా అత్తగారి కుట్టు దుకాణానికి వచ్చి పాత దుప్పటి ఒకటి అడిగింది. తెల్లదైతే మంచిదంది.

"ఎవరికి?" అంది అత్తగారు మిషను ఆపకుండా.

"దొరసానికి."

"ఈ ఎండల్లో దానికి దుప్పటెందుకు?"

"కప్పడానికి కాదత్తయ్యా. వీపు మీద దుప్పటి, దుప్పటి మీద ప్యాడ్, ప్యాడ్ మీద జీను, జీను మీద నేను."

"దుప్పటి వేస్తే పడుకునే టైమైందనుకుంటుందేమో, చూసుకో," అని అత్తగారు లేచి అడుగు అరలోంచి దుప్పట్లు తీసింది. "నాలుగున్నాయి. పట్టుకెళ్ళు. వాడినవి ఉతక్కుండా నాకు తెచ్చివ్వు, చూస్తాను."

దొరసాని గుర్రం పేరు. పదహారేళ్ళ ఆడగుర్రం. కోడలు దాన్ని తొమ్మిదేళ్ళ క్రితం కొంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆమె ఉద్యోగం. వారమంతా కిటికీ లేని గదిలో మనుషుల్ని పలక ముందు నిలబెట్టి "ఊపిరి పీల్చి ఆపండి, ఇక వదలండి" అంటూ ఉంటుంది. ఆదివారాలు దొరసానితో కొండ దారుల్లో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఎనభై కిలోమీటర్ల స్వారీకి వెళ్తుంది. ఆ ఎనభై కిలోమీటర్లూ ఒకే రోజులో పూర్తి చేయాలి. ముందు వచ్చినవాళ్ళకి చప్పట్లు కొడతారు గానీ, అసలు చూసేది గుర్రం ఏ స్థితిలో వచ్చిందన్నది. దారిలో రెండు చోట్ల, చివర ఒకచోట పశువుల డాక్టరు ఆపి పరీక్ష చేస్తాడు. నాడి చూస్తాడు, నడిపిస్తాడు, నీళ్ళు తాగిందా అని అడుగుతాడు. ఆఖరున వీపు. వెన్నెముకకి రెండు పక్కలా రెండు బొటనవేళ్ళు పెట్టి మెడ దగ్గర నుంచి తోక వైపు నొక్కుకుంటూ వస్తాడు. నొప్పి ఉన్నచోట గుర్రం వీపు కిందికి జారుస్తుంది. ఆ గుర్రానికి స్వారీ అక్కడితో సరి.

దొరసాని కిందటేడు రెండుసార్లూ అలాగే పరీక్ష తప్పింది. మొదటిసారి యాభై అయిదో కిలోమీటరు దగ్గర. రెండోసారి ఎనభై పూర్తి చేసి గీత దాటాక. రెండు కార్డుల మీదా డాక్టరు ఒకటే రాశాడు. వీపు, కుడి, వెనక. రెండోది రాశాక కార్డు చేతికివ్వకుండా పట్టుకున్నాడు.

"మళ్ళీ ఇదే చోట దొరికిందనుకోండి, నేనిక ఒప్పుకోనమ్మా. దాని మీద జీను వేయడం మానేయండి. గడ్డి మేస్తూ బతకనివ్వండి."

కోడలు ఆ మాట మొగుడికి ఒకసారి చెప్పింది, అత్తగారికి మూడుసార్లు చెప్పింది. తర్వాతి స్వారీకి అయిదు వారాలుంది. జీను కుట్టినతను వచ్చి చూసి జీనులో తప్పు లేదన్నాడు. మిగిలింది జీను కింద ప్యాడ్.

మర్నాడు అత్తగారు కూడా గుర్రాలశాలకి వెళ్ళింది. మెడలో టేపు తీయకుండానే వెళ్ళింది. ఆ టేపు నలభై ఏళ్ళుగా అక్కడే ఉంటుంది. వీధి పిల్లలు ఆమెని టేపు మామ్మ అంటారు. ఆమె కోట్లు కుడుతుంది. కోట్లు తప్ప మరేవీ కుట్టదు.

శాలలో గుర్రాల్ని చూసుకునే ఆయన గడ్డిమోపు దించి ఆమెని, టేపుని చూశాడు.

"ఏం మామ్మగారూ, ప్యాంటా, కోటా?"

"ముందు కస్టమర్ని కుదురుగా నిలబడనివ్వవయ్యా."

దొరసాని తల ఎత్తి, చెవులు నిక్కించి చూస్తోంది. అత్తగారు టేపు ముట్టుకోలేదు. పక్కన నిలబడి క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ, వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో గుర్రానికి చెప్పుకొచ్చింది.

"కొలవరేం?" అంది కోడలు.

"టేపు చూడగానే ఎవరైనా పొట్ట లోపలికి లాగుతారు. ఆ కొలతకి కుడితే ఇంటికెళ్ళి భోంచేశాక గుండీ పట్టదు. మర్చిపోయేదాకా ఆగాలి."

ఆరో ముక్కకి దొరసాని తల దించింది. వీపు కొద్దిగా పైకి లేచింది. అప్పుడు కొలిచింది. భుజం ఎముక నుంచి నడుము దాకా, వెన్ను నుంచి రెండు పక్కలకీ. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 'దొరసాని' అని రాసి, అంకెలు వేసింది. కుడి, ఎడమ ఒక్కలాగే వచ్చాయి. ఆమె మళ్ళీ కొలిచింది. మళ్ళీ ఒక్కలాగే వచ్చాయి.

"ఈ నలభై ఏళ్ళలో ఇలాంటి కస్టమరు నాకు తగల్లేదు," అంది.

మొదటి ప్యాడ్ రబ్బరుది. లోపల జెల్లీలాంటిది నింపి ఉంది. కోడలు దాన్ని దుప్పటి మీద పరిచి, జీను వేసి, కడుపు కింద పట్టీ బిగించి వెళ్ళింది. ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి ప్యాడ్ నాలుగు వేళ్ళు వెనక్కి జారి ఉంది. జీను దించాక వీపు మీద చేయి పెడితే చురుక్కుమంది.

శాల ఆయన దుప్పటిని లాగి గడప మీద పరిచాడు. చెమట, దుమ్ము కలిసి దుప్పటి మీద గోధుమరంగు పటం గీసినట్టుంది. కుడివైపు, వెనక భాగంలో, అరచేయంత చోటు మాత్రం తెల్లగా ఉంది.

నీళ్ళ బకెట్టు మోసుకొచ్చిన అత్తగారి కొడుకు వంగి చూశాడు. అతను పోస్ట్‌మాన్. ఆదివారాలు పెళ్ళాం వెనక బకెట్లు మోస్తాడు. "ఇక్కడ చెమటే పట్టలేదు. అంటే దానికి ఇక్కడ హాయిగా ఉన్నట్టేగా?"

"నీ బూటు కరిచినచోట నీకు హాయిగా ఉంటుందా బాబూ?" అన్నాడు శాల ఆయన. "చెమట కూడా రానంతగా నొక్కుకుపోయింది. చుట్టూ తడిసి మధ్యలో పొడిగా ఉందంటే నొప్పి అక్కడే."

అత్తగారు సంచీలోంచి నీలం సుద్దబిళ్ళ తీసి ఆ తెల్లమచ్చ చుట్టూ గీత గీసింది. గీశాక కోడలి వైపు చూసింది. కోడలు దొరసాని కాళ్ళ మీద నీళ్ళు పోస్తోంది.

రెండో ఆదివారం స్పాంజి ప్యాడ్. మూడు వేళ్ళ మందం. దుకాణాయన దాన్ని పిడికిలితో గుద్ది చూపించి "పరుపండీ, పరుపు" అన్నాడట. కోడలు తిరిగొచ్చి, దిగుతూనే చెప్పింది. "పడవెక్కినట్టుంది. పట్టీ ఎంత బిగించినా జీను ఊగుతూనే ఉంది." మందం పెరిగేసరికి జీను దొరసాని వీపుని రెండు పక్కలా పట్టేసింది, బూటులో రెండు జతల మేజోళ్ళు తొడిగినట్టు. దుప్పటి మీద కొత్త మచ్చలు మూడు వచ్చాయి. పాతది పాతచోటే ఉంది.

మూడో ఆదివారం ఉన్నిని గట్టిగా అదిమి చేసిన ఫెల్ట్ ప్యాడ్. వేలెడు మందం. రెండు పక్కలా జేబులున్నాయి. గుర్రం వీపు ఒకవైపు పల్లంగా ఉంటే ఆ జేబులో ఫెల్ట్ ముక్క దూర్చి సరిచేసుకోవచ్చని దుకాణాయన చెప్పాడు. అది జారలేదు, ఊగలేదు, కాగలేదు. దుప్పటి వెన్ను పొడవునా ఒకే రంగులో తడిసింది. కుడివైపు వెనక అరచేయంత చోటు తప్ప.

"ఇదే బాగుంది," అంది కోడలు. "ఆ ఒక్కటీ తప్ప. ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటానని దుకాణాయనకి చెప్తాను."

అత్తగారు ఆ దుప్పటి మీద కూడా గీత గీసి, ప్యాడ్‌తో సహా ఇంటికి తెచ్చింది. మూడింటినీ దుకాణం కిటికీ దగ్గర కడ్డీకి పక్కపక్కన వేలాడదీసింది. తర్వాత బీరువా పైనుంచి పాత కొలతల పుస్తకం దించింది.

ఆమె పుస్తకాల్లో అంకెల పక్కన అక్కడక్కడా చుక్కలుంటాయి. కుడి భుజం దిగి ఉంటే కుడివైపు చుక్క, ఎడమ దిగి ఉంటే ఎడమవైపు. ఎన్ని చుక్కలుంటే కోటుకి ఆ వైపు భుజంలో అన్ని పొరల దూది ఎక్కువ పెడుతుంది. ఆ సంగతి కస్టమరుకి చెప్పదు. పని నేర్పిన కటింగ్ మాస్టరు పెట్టిన నియమం అది. ఆమె ఒకే ఒక్కసారి తప్పింది. దుకాణం పెట్టిన కొత్తలో ఒక హెడ్మాస్టరుతో, "మీ ఎడమ భుజం ముప్పావంగుళం దిగింది సార్" అంది. ఆయన అద్దం ముందు అరగంట నిలబడ్డాడు. కోటు తీసుకెళ్ళాడు గానీ అది వేసుకుని ఎన్నడూ కనిపించలేదు. ఆ తర్వాత చాలా కాలం కుడిచేయి ఎడమ భుజం మీద పెట్టుకుని నడిచేవాడు.

కోడలి పేజీలో కుడి భుజం పక్కన రెండు చుక్కలున్నాయి. పెళ్ళికి వారం ముందు తీసుకున్న కొలత. పందొమ్మిదేళ్ళయింది. అప్పుడు ఆ అమ్మాయికి పాతికేళ్ళు. అద్దంలో అన్నిటినీ చూస్తోంది గానీ వెనక నిలబడ్డ కాబోయే అత్తగారి మొహం మాత్రం చూడ్డం లేదు. నీ భుజం వంకరగా ఉందని కాబోయే అత్త అంటే దాన్ని కొలత అని ఎవరూ అనుకోరు. అందుకని రెండు పొరలు పెట్టి కుట్టి ఊరుకుంది. అప్పటి నుంచి కుట్టిన పదకొండు కోట్లలోనూ పెట్టింది. కోడలు అద్దంలో చూసుకున్న ప్రతిసారీ భుజాలు సమానంగానే కనిపించాయి.

మొదటి దుప్పటి చూసినప్పుడే అత్తగారికి అనుమానం వచ్చింది. మూడోదానితో తేలిపోయింది. భుజం కుడివైపు దిగితే మనిషి బరువు కుడివైపు పడుతుంది. ఇరవై కిలోమీటర్లకి మచ్చ పడితే ఎనభైకి పుండు పడుతుంది.

ఆమెకు తెలిసిన మందు ఒకటే. బల్ల మీద ఫెల్ట్ ముక్క పరిచి, అరచేయంత కత్తిరించి, అంచులు చేతికి తగలకుండా చెక్కింది. ప్యాడ్ కుడి జేబు కుట్టు నాలుగంగుళాలు విప్పి, ముక్కని లోపలికి దూర్చి, మళ్ళీ కుట్టేసింది. కుట్టు పడిన జాడ కూడా తెలీకుండా కుట్టింది. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో ఆదివారం ఆమె శాలకి వెళ్ళలేదు. నాలుగు గంటలకి కోడలే దుకాణానికి వచ్చింది. కాళ్ళకి బూట్లు అలాగే ఉన్నాయి, చంకలో ప్యాడ్ ఉంది. నాలుగో దుప్పటిని మిగతావాటి పక్కన వేలాడదీసి, వెనక్కి జరిగి, ఆసుపత్రిలో ఫిల్ములు చూసినట్టు చూసింది. వెలుతురు దుప్పట్లలోంచి వస్తోంది. నాలుగో దాంట్లో మచ్చ రెండు అరచేతులంతయింది.

"బ్రష్ వేస్తుంటే పక్కకి తప్పుకుంది," అంది కోడలు. "ఎప్పుడూ అలా చేయలేదు."

అత్తగారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ ఆపింది.

"దాని వెన్నులోనే ఉందత్తయ్యా. ప్యాడ్‌లు మూడు మారాయి, చోటు మారలేదు. మిషను మార్చి తీసినా ఫిల్ము మీద ఒకేచోట మచ్చ వస్తే మేం మిషన్ని అనుమానించం. మనిషినే అనుమానిస్తాం. రేపు ఫోన్ చేసి పేరు తీయించేస్తాను. డాక్టరు చేత చెప్పించుకోవడం దేనికి. నేనే దించేస్తాను జీను."

"ఇంకా రెండు వారాలుంది కదే."

"తొమ్మిదేళ్ళు మోసింది. ఇంకా ఎంత మోయాలి?" కోడలు నాలుగో దుప్పటి దించి మడతపెట్టబోయింది. అంచులు కలవలేదు. మళ్ళీ విప్పి మడిచింది. మళ్ళీ కలవలేదు.

"ఆ దుప్పటి అక్కడ పెట్టు," అంది అత్తగారు. "దొరసాని తిన్నగానే ఉంది. నేను రెండుసార్లు కొలిచాను."

"మరి మచ్చ?"

అత్తగారు పాత పుస్తకం తెచ్చి, పేజీ తీసి, బల్ల మీద ఆమె ముందు పెట్టింది. కోడలు పైన తన పెళ్ళి తేదీకి వారం ముందు తేదీ చూసింది. కింద అంకెలు చూసింది.

"ఈ చుక్కలేంటి?"

"నువ్వు."

కోడలికి అర్థం కాలేదు. అత్తగారు తలుపు వెనక కొక్కేనికి ఉన్న కోడలి నల్లకోటు తీసి, కుడి భుజం లైనింగ్ కుట్టు బ్లేడుతో కోసి, వేళ్ళు పెట్టి రెండు పొరల దూది బయటికి లాగింది. ఎడమ భుజం కూడా విప్పింది. అక్కడ అందరి కోట్లలో ఉండేదే ఉంది. ఎక్కువ పొరలేమీ లేవు.

కోడలు ఆ రెండు పొరల్నీ అరచేతిలో పెట్టుకుంది. "అన్నిట్లోనూ ఉందా?"

"పదకొండింట్లోనూ."

"ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"అత్తనైపోయాను కదే. ఎలా చెప్పను? పక్కింటావిడైతే చెప్పేదాన్నేమో."

"నేను రోజుకి నలభై వెన్నులు చూస్తానత్తయ్యా."

"నీది ఎవరు చూశారు?"

కోడలు కిటికీ దగ్గరున్న మూడు దుప్పట్లనీ, బల్ల మీదున్న నాలుగోదాన్నీ చూసింది. "నేనే అయితే ఈ వారం ఎందుకు పెరిగింది? నేనేం మారలేదుగా."

అత్తగారు ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, కుడి జేబు కుట్టు విప్పి, ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నేను పెట్టాను. కోటులో పెట్టినట్టు పెడితే సర్దుకుంటుందనుకున్నాను."

కోడలు ఆ ముక్కని వేళ్ళ మధ్య నొక్కి చూసింది. గొంతు పెంచలేదు. "నా కోట్లలో మీరేం పెట్టుకున్నా సరే. దానికి నోరు లేదు. అది గుర్రమత్తయ్యా, కోటు కాదు."

"నొక్కుకున్నచోటే ఇంకా నొక్కుతుందని ఈ దుప్పటి చూసేదాకా నాకు తెలీలేదు. ఇప్పుడు తెలిసింది."

"నేను ఈ పాటికి ఫోన్ చేసేసి ఉంటే?"

"అందుకేగా పుస్తకం తీశాను."

ఆ సమయానికి కొడుకు లోపలికి వచ్చాడు. తల్లి మొహం, పెళ్ళాం మొహం చూసి, బల్ల మీద పుస్తకం చూశాడు. ఎవరో ఒకరు చెప్పేదాకా నిలబడి, విన్నాక పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. "నా పేజీలో ఎన్ని చుక్కలమ్మా?"

"నీ పేజీ జోలికి వెళ్ళకు. సంచీ భుజం మారుస్తూ ఉండమని చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉన్నాను."

"కొడుక్కి చెప్పారు," అంది కోడలు. "కోడలికే దూది పెట్టారు."

కొడుకు నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. కోడలు కాసేపయ్యాక కొద్దిగా నవ్వింది. అప్పుడు అత్తగారు బయట బండిలో ఉన్న జీను లోపలికి తెమ్మంది.

అద్దం ముందు బెంచీ వేసి, దాని మీద దుప్పట్లు నాలుగూ చుట్టి పెట్టి, ఆ చుట్ట మీద జీను వేశారు. ట్రయల్ చూసుకునే అద్దం అది, మూడు పలకలది, పక్క పలకలు తిప్పితే వీపు కూడా కనిపిస్తుంది. కోడలు ఎక్కి కూర్చుని రికాబుల్లో కాళ్ళు పెట్టింది. అత్తగారు పైకప్పు కొక్కేనికి దారం కట్టి, కొసకి కత్తెర వేలాడదీసి, కోడలి వెన్ను వెనక ఆపింది.

"కళ్ళు మూసుకో. దొరసాని మీద ఎలా కూర్చుంటావో అలా కూర్చో. తిన్నగా ఉన్నావా?"

"ఉన్నాను."

"కళ్ళు తెరిచి చూడు."

దారం తిన్నగా ఉంది. కోడలి వెన్ను దారానికి కుడివైపు ఉంది. నడుము దగ్గర నుంచి మెడ దాకా దూరం పెరుగుతూ పోయింది. అత్తగారు రెండు భుజాల నుంచి జీను దాకా కొలిచింది. అంగుళంపావు తేడా.

"పెళ్ళినాటికి ముప్పావే ఉండేది," అంది అత్తగారు. "ఆసుపత్రిలో ఆ ఎక్స్‌రే పలకలన్నీ ఏ చేత్తో మోస్తావ్?"

"కుడి." కోడలు అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. అత్తగారు రెండు చేతులతో ఆమె నడుము పట్టుకుని మెల్లగా ఎడమవైపు తెచ్చింది. వెన్ను దారం మీదికి వచ్చింది.

"పడిపోతున్నాను."

"పడిపోవట్లేదు. తిన్నగా ఉన్నావు. నీకు అలవాటు లేదు."

"ఏవండీ, పట్టుకోండి," అంది కోడలు మొగుడితో. అతను ఎడమవైపు వచ్చి నిలబడ్డాడు. పట్టుకోవాల్సిన పని పడలేదు.

ఆ వారం అత్తగారు మిగతా పనులన్నీ పక్కనపెట్టి చేతుల్లేని కోటు ఒకటి కుట్టింది. భుజాల్లో దూది పెట్టలేదు. లోపల ఎడమవైపు, చంక దగ్గర నుంచి నడుము బెల్టు దాకా, సాగని టేపు ఒకటి వేసి కుట్టింది. మనిషి కుడివైపు వాలితే ఎడమ పక్క సాగాలి. టేపు సాగదు. పక్కటెముకల దగ్గర పట్టి లాగుతుంది.

"గిల్లినట్టుంది," అంది కోడలు వేసుకుని చూసి.

"అత్త గిల్లుతోందనుకో."

దొరసానికి వారమంతా సెలవిచ్చారు. ఎవరూ జీను వేయలేదు. అయిదో ఆదివారం ఫెల్ట్ ప్యాడ్, ఖాళీ జేబులతో. దుప్పటి ఉతికి మళ్ళీ వేశారు. పది కిలోమీటర్లే వెళ్ళింది. కోడలు దిగాక ఎడమ పక్కటెముకలు పట్టుకుని గోడకి ఆనుకుంది. దుప్పటి మీద మచ్చ నిమ్మకాయంత ఉంది. అత్తగారు సుద్దతో గీత గీసింది. బ్రష్ వేస్తే దొరసాని కదల్లేదు. దుప్పటి మీదున్న మూడు వెంట్రుకలు ప్యాడ్‌కి అంటుకుని కనిపించాయి గానీ దుకాణాయన చూడాల్సిన పని లేకపోయింది. కోడలు దాన్ని కొనేసింది.

స్వారీ రోజున అత్తగారు మొదటిసారి వచ్చింది. మడతకుర్చీ, టేపు, సుద్దబిళ్ళ తెచ్చుకుంది. పొద్దున ఆరు గంటలకి ముప్ఫై ఒక్క గుర్రాలు బయల్దేరాయి. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర డాక్టరు దొరసాని వీపు నొక్కి, కార్డు రాసి, ఏమీ అనకుండా ఇచ్చాడు. యాభై అయిదు దగ్గర రెండుసార్లు నొక్కాడు. రెండోసారి కుడివైపు, వెనక ఆగాడు. దొరసాని వీపు దించలేదు.

"కొంచెం వేడిగా ఉంది," అన్నాడు. "చూసుకుని వెళ్ళండి. మీరు ఆపేస్తానన్నా నేనేమీ అనుకోను."

కోడలు బకెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. మొహం మీద దుమ్ము గీతలు కట్టింది. అత్తగారు పక్కకి వచ్చి నిలబడింది.

"గిల్లుతోందా?"

"నలభై నుంచి ఆగకుండా గిల్లుతోంది. కుట్టింది మీరు కదా, ఊరుకుంటుందా."

"అంటే వాలిపోతున్నావ్. అలిసిపోయావ్."

"ఆపేయమంటారా?"

అత్తగారు దొరసాని వీపు చూసింది. కోడలి భుజాలు చూసింది. "కూర్చుంటే వాలిపోతావ్. నడిస్తే?"

కోడలు మిగిలిన పాతికలో దిగుడు వచ్చిన ప్రతిచోటా దిగి, పగ్గం పట్టుకుని దొరసాని పక్కన నడిచింది. మొత్తం ఏడు కిలోమీటర్లు నడిచానని తర్వాత చెప్పింది. వాళ్ళని ఎనిమిది గుర్రాలు దాటి వెళ్ళాయి. సాయంత్రం అయిదున్నరకి గీత దాటారు. గడువు ఆరింటికి. అప్పటికి చప్పట్లు కొట్టేవాళ్ళు చాలామంది ఇళ్ళకెళ్ళిపోయారు. కొడుకు నీళ్ళు పోశాడు. నాడి దిగింది. నడిపించి చూశారు. బాగుంది. కొడుకు జీను దించాడు, ప్యాడ్ తీశాడు, దుప్పటి లాగి తల్లికిచ్చాడు.

డాక్టరు బొటనవేళ్ళు మెడ దగ్గర పెట్టాడు.

"ఊపిరి పీల్చి ఆపండి," అన్నాడు కొడుకు మెల్లగా. పెళ్ళాం మోచేత్తో పొడిచింది.

వేళ్ళు భుజాల మీదుగా వచ్చాయి. నడుము దగ్గరికి వచ్చాయి. కుడి వెనక వైపు ఆగాయి. అక్కడ నొక్కాడు. దొరసాని తోక విసిరింది. అందరూ చూశారు. ఈగ లేచి ఎగిరిపోయింది. డాక్టరు మళ్ళీ నొక్కాడు. దొరసాని తల దించి, కొడుకు బకెట్టులో మూతి పెట్టి తాగడం మొదలుపెట్టింది.

డాక్టరు కార్డు రాశాడు. ఈసారి పట్టుకోకుండా ఇచ్చేశాడు. కోడలు చదివింది. వీపు అన్నచోట 'బాగుంది' అని ఉంది. ఆమె కార్డు మొగుడికిచ్చి దొరసాని మెడ మీద నుదురు ఆనించి నిలబడింది. తిన్నగా ఏమీ నిలబడలేదు. అత్తగారు చూసింది గానీ ఏమీ అనలేదు.

ఆమె గడ్డి మీద దుప్పటి పరిచి చూసుకుంటోంది. మచ్చ ఉంది. రూపాయి బిళ్ళంత. సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేసింది.

"ఇంటికెళ్ళాక ఆ నల్లకోటు ఇలా ఇవ్వు," అంది. "పొరలు తీసినవి తీసినట్టే ఉన్నాయి. లైనింగ్ మూసేస్తాను."

"పొరలు మళ్ళీ పెట్టి మూయండత్తయ్యా," అంది కోడలు తల ఎత్తకుండా. "కోటేసుకున్నప్పుడు నేను దొరసాని ఎక్కనుగా."

అత్తగారు దుప్పటి మడిచింది. మడుస్తూ డాక్టరు వైపు చూస్తూ ఉంది. ఆయన కలం జేబులో పెట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకోబోతూ ఆమె చూపు గమనించాడు.

"ఏమిటమ్మా?"

ఆమె కోడలి వైపు చూసింది.

"చెప్పండి," అంది కోడలు.

"మీ ఎడమ భుజం అరంగుళం దిగింది డాక్టరుగారూ."

ఆయన చేయి ఎడమ భుజం మీదికి వెళ్ళింది. "ఇంతవరకూ నాతో ఎవరూ అనలేదే."

"అనరు," అంది అత్తగారు మెడలోంచి టేపు తీస్తూ. "సంచీ కింద పెట్టండి. ఊపిరి బిగబట్టకండి. మామూలుగా నిలబడండి."